మొదటి పాముకి పెట్టె: నెల్లూరులో కష్టం వేడితో కాదు, చల్లదనంతోనే

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు వేదాయపాళెం, మిద్దె మీద అద్దె పోర్షన్. బాల్ పైథాన్ పిల్లని తెచ్చుకుందామనుకుంటున్నా. ఇదే మొదటి పాము. ఇంట్లో 3 అడుగుల పాత చేపల తొట్టి ఉంది. పైన జాలీ మూత వేసి, లోపల 100 వాట్ల బల్బు పెట్టి, అడుగున హీట్ మ్యాట్ వేద్దామని ప్లాన్. సరిపోతుందా? ఇంకేం కొనాలి?

జవాబు: తమ్ముడూ, హీట్ మ్యాట్ ఇంకా కొనకపోతే ఆ డబ్బు ఆపండి. ఇలాంటి ప్లాన్ చెప్పే వీడియోలు చలి దేశాల వాళ్లవి. అక్కడ గదిలో 20 డిగ్రీలుంటుంది, పాముకి ఒక మూల 32 కావాలి. ఆ తేడా పూడ్చడమే వాళ్ల తిప్పలు. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. రోహిణి కార్తెలో స్లాబ్ కింది గది మధ్యాహ్నానికి 37 దాకా పోతుంది, రాత్రి పదింటికి కూడా స్లాబ్ సెగ కొడుతూనే ఉంటుంది. బాల్ పైథాన్‌కి వెచ్చటి వైపు 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 28 ఉండాలి. పెట్టె మొత్తం 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. పాము ఒళ్లు తనంతట తాను చల్లబడదు, చల్లటి చోటికి పాక్కుంటూ పోవడమొక్కటే దానికి తెలిసిన ఉపాయం. ఆ చోటే లేకపోతే ఎంత ఖరీదైన పెట్టె కట్టినా ఒకటే.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి: పెట్టెని గదికన్నా వేడి చేయడం తేలిక, గదికన్నా చల్లగా ఉంచడం దాదాపు అసాధ్యం. కాబట్టి మీరు కట్టాల్సిన మొదటి పెట్టె ఆ గదే.

పాముని కొనకముందే చేయాల్సిన పని: కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చి, పెట్టె పెట్టాలనుకున్న చోట నేలకి అడుగు ఎత్తులో వారం రోజులు ఉంచండి. మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండుకి రాసుకోండి. ఇప్పుడు చలికాలమైతే ఆ అంకెలు మిమ్మల్ని మోసం చేస్తాయి, మే నెల వచ్చేదాకా ఆగడం మంచిది. గరిష్ఠం 31 దాటని గది దొరికితే సగం పని అయినట్టే. మిద్దె మీది పోర్షన్లో పడమటి గోడ ఉన్న గది వద్దే వద్దు. ఉన్నవాటిలో తూర్పు, ఉత్తరం వైపు గది చూడండి. కిటికీ ఎండ పెట్టె మీద పడకూడదు. ఎండ తగిలిన గాజు పెట్టె నిమిషాల్లో పొయ్యి మీది బాణలి అవుతుంది.

ఏసీ ఉన్న గది అయితే 28 దగ్గర పెట్టండి. 24 అవసరం లేదు. ఏసీ 28లో ఉంటే చల్లటి వైపు దానంతటదే కుదురుతుంది, వెచ్చటి వైపుకి మాత్రం హీటర్ కావాలి. అంటే ఏసీ గదిలో మే నెలలో కూడా హీటర్ వెలుగుతుంది. వింతగా అనిపించినా అదే సరైన పద్ధతి. ఏసీ లేని ఇంట్లో మార్చి నుంచి అక్టోబరు దాకా హీటర్ జోలికే పోనక్కర్లేదు.

ఏసీ పెట్టే స్తోమత లేదు, కార్న్ స్నేక్ తెచ్చుకుంటే సరిపోతుందా అని అడిగేవాళ్లుంటారు. కుదరదు. కార్న్ స్నేక్‌కి చల్లటి వైపు 22 నుంచి 25 కావాలి, నెల్లూరు వేసవిలో దానికి ఇంకా కష్టం. మీ ఎంపిక మంచిదే.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. మన నేల మీద పుట్టిన ఏ పామునీ ఇంట్లో పెంచకూడదు. కొండచిలువ, జెర్రిపోతు, నీళ్ల పాము, రెండు తలల పాము అని బేరాలాడే ఆ మట్టిపాము, అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. 'చేలో దొరికింది, పిల్ల కొండచిలువే' అని ఎవరైనా ఇస్తామంటే దూరంగా జరగండి. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022లో చట్టాన్ని సవరించాక ఇలాంటి విదేశీ జంతువుల్ని నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. 2024 నిబంధనల ప్రకారం మీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. తర్వాత అది చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. అమ్మేవాడు బిల్లు ఇవ్వకపోయినా, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపకపోయినా కొనకండి. కాగితం లేని పాముని రేపు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కూడా భయపడాల్సి వస్తుంది.

ఇక పెట్టె. చేపల తొట్టి వద్దు. నాలుగు వైపులా అద్దం ఉంటే పాముకి దాక్కున్నట్టే ఉండదు. జాలీ మూతలోంచి ఏసీ గాలి తేమనంతా లాగేస్తుంది. పైగా పై నుంచి చెయ్యి దిగితే పాము దాన్ని గద్ద అనుకుంటుంది. ముందు నుంచి తెరుచుకునే పెట్టె కావాలి. పెద్దయ్యాక ఆడది 4 నుంచి 5 అడుగులు పెరుగుతుంది, మగది కొంచెం తక్కువ. కాబట్టి చివరి సైజు 4 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు, 2 అడుగుల ఎత్తు. ఒకేసారి పెద్దదే కట్టించండి. పిల్లకి పెద్ద పెట్టె భయం అంటారు గానీ, దానికి భయం ఖాళీ జాగా అంటేనే. లోపల దాక్కునే చోట్లు, ఆకులు, కొమ్మలు గుబురుగా ఉంటే పిల్ల కూడా 4 అడుగుల పెట్టెలో హాయిగా తింటుంది.

వంటింటి అల్మరాలకి వాడే 18 ఎంఎం పీవీసీ ఫోమ్ బోర్డు తెమ్మనండి. ప్లైవుడ్ అయితే మన తేమకి ఉబ్బుతుంది, పార్టికల్ బోర్డు రెండు వానాకాలాలు కూడా నిలవదు. 8×4 షీటు ఒక్కటి చాలు, లెక్క చూడండి: పైకప్పు, అడుగు, వెనక గోడ మూడూ 4×2 ముక్కలు, పక్క గోడలు రెండూ 2×2 ముక్కలు, మొత్తం 32 చదరపు అడుగులు, షీటూ అంతే. రంపం తినేది కోతకి 3 ఎంఎం ఉంటుంది కాబట్టి 1220 ఎంఎం అనుకున్నది 1218 వస్తుంది, ఏం పర్లేదు. వెనక గోడని మాత్రం పక్క గోడల మధ్యలో కూర్చోబెట్టాలి గనుక రెండు బోర్డుల మందం, అంటే 36 ఎంఎం తగ్గించి 1182కి కోయించండి. ఇది చెప్పకపోతే వడ్రంగి వెనక గోడని బయటి నుంచి అతికిస్తాడు, పైనా కిందా దానికి ఆనిక దొరకదు. ముందు వైపు కింద 10 సెంటీమీటర్ల పట్టీ, పైన 5 సెంటీమీటర్ల పట్టీ కావాలి. అవి షీటులో రావు, దుకాణంలో మిగిలిన తుండ్లలోంచి అడగండి. కింది పట్టీ లేకపోతే లోపల అడుగున పరిచే కొబ్బరి పొట్టంతా తలుపు తీసినప్పుడల్లా ట్రాకులో పడి అద్దం బిగుసుకుపోతుంది.

ఫోమ్ బోర్డు అంచుల్లో స్క్రూ గట్టిగా పట్టదు. ముందు సన్నటి రంధ్రం వేసి 40 ఎంఎం స్క్రూ దించి, లోపలి మూలల్లో స్టీలు ఎల్ క్లాంపులు వేయించండి. కీళ్లన్నీ సిలికాన్‌తో మూసి, ఆ పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, తలుపు తీసి ఆరబెట్టండి.

ముందు తలుపుకి షోకేసుల అల్యూమినియం ట్రాకు, 5 ఎంఎం అద్దాలు రెండు. ట్రాకు బిగించాకే అద్దానికి కొలత ఇవ్వండి, ముందు ఇస్తే ఎప్పుడూ తప్పే వస్తుంది. రెండు అద్దాలు మధ్యలో ఒక అంగుళం ఒకదాని మీదికి ఒకటి రావాలి. ఇక్కడే పాములు తప్పించుకునేది. ముందు వెనక అద్దాల మధ్య 5, 6 ఎంఎం సందు ఉంటుంది, పిల్ల అక్కడ ముక్కు దూర్చి రాత్రంతా తోస్తూనే ఉంటుంది. కిటికీ తలుపులకి అతికించే మెత్తటి రబ్బరు పట్టీ ఆ సందులో నిలువునా అంటించండి. షోకేసు తాళం ఒకటి తప్పనిసరి. పాముకి అద్దం పక్కకి జరపడం బాగా వచ్చు. తాళం పిల్లల కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు.

గాలికి అల్మరాలకి వేసే గుండ్రటి ఎయిర్ వెంట్లు 50 ఎంఎంవి ఎనిమిది. నాలుగు చల్లటి వైపు గోడకి కింద, పొట్టు మట్టానికి కొంచెం పైన. నాలుగు వెచ్చటి వైపు వెనక గోడకి పైన. చల్లగాలి కింద దూరి వేడిగాలి పైన పోతుంది. లోపలి వైపు స్టీలు జాలీ కొట్టించండి. ఎనిమిదీ ఎప్పుడూ తెరిచి ఉంచరు. పడమటి గాలి కొట్టే రోజుల్లో సగం బయటి నుంచి టేపుతో మూస్తారు, కార్తీకం వానల్లో అన్నీ తెరుస్తారు.

హీటర్ సంగతి. వెలుతురిచ్చే 100 వాట్ల బల్బు వద్దు. రాత్రి వెలిగితే పాముకి నిద్ర, తిండి రెండూ పాడవుతాయి, ఆర్పితే వేడి పోతుంది. వెలుతురు లేని సిరామిక్ హీటర్ బల్బు తీసుకోండి. ఏసీ 28లో ఉండే గదికి 60 వాట్లు చాలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 21, 22కి దిగే గదికైతే 100. దాని ఒళ్లు 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పింగాణీ హోల్డరు, వేడికి తట్టుకునే వైరు, చుట్టూ ఇనుప జాలీ గూడు, ఈ మూడూ లేకుండా స్విచ్ వేయొద్దు. మామూలు ప్లాస్టిక్ హోల్డరు నెలలో పెళుసెక్కి విరిగి బల్బు పొట్టులో పడుతుంది. ఫోమ్ బోర్డు 60, 70 డిగ్రీలకే మెత్తబడుతుంది, అందుకని హీటర్ పైన కప్పుకి ఒక అల్యూమినియం రేకు, మధ్యలో గాలి ఆడేంత ఎడం ఉంచి బిగించండి. జాలీ గూడు కన్నాలు పాము దూరేంత ఉండకూడదు, గూడు మీద చుట్టుకుని పడుకోకుండా పైభాగం కప్పుకి ఆనించేయాలి.

థర్మోస్టాట్, అంటే అనుకున్న వేడి రాగానే హీటర్‌ని ఆపే పరికరం, లేకుండా హీటర్ పెట్టడమంటే బ్రేకు లేని లారీ ఎక్కడమే. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా కోడిపిల్లల ఇంక్యుబేటర్ సామాన్లు అమ్మేచోట ఎస్‌టీసీ-1000 అనే డిజిటల్ కంట్రోలర్ దొరుకుతుంది. ఇది చాలు. 32కి పెట్టి, తేడా 1 డిగ్రీ ఇవ్వండి. వైర్లు ఎలక్ట్రీషియన్ చేతే వేయించండి. సెన్సార్‌ని హీటర్ కింద పాము వీపు ఉండే ఎత్తులో, గోడకి క్లిప్పుతో బిగించాలి. వదులుగా వదిలేస్తే పాము దాన్ని ఈడ్చుకెళ్లి నీళ్ల గిన్నెలో వేస్తుంది. కంట్రోలర్ అక్కడ 25 చూసి హీటర్‌ని ఆపకుండా వెలిగిస్తుంది. పెట్టెలో పాము ఉడికిపోవడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం రిలే, అంటే కంట్రోలర్ లోపల కరెంటుని కలిపి విడదీసే స్విచ్. చవక కంట్రోలర్లలో రిలే కాంటాక్టులు అతుక్కుపోతే తెర మీద 40 చూపిస్తున్నా కరెంటు పోతూనే ఉంటుంది. అందుకని అలాంటిదే రెండోది 35కి పెట్టి దానికి ముందు సిరీస్‌లో వేయండి. మొదటిది చెడితే ఇది కోస్తుంది. వాడే ముందు సెన్సార్‌ని ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో పెట్టి చూడండి. సున్నా దగ్గర చూపాలి. రెండు డిగ్రీల తేడా చూపే సెన్సార్లు మార్కెట్లో బోలెడు.

హీటర్ కింద పరవడానికి మార్కాపురం పలక రాయికి మించింది లేదు. అడుగు చదరం, వేలి మందం ముక్క చాలు. వేడిని పట్టి ఉంచుతుంది, గరుకుగా ఉంటుంది కాబట్టి కుబుసం విడిచేటప్పుడు ముక్కు రాసుకోవడానికీ పనికొస్తుంది. అంచులు బ్లేడులా ఉంటాయి, ఇంకో రాయితో రుద్ది మొద్దు చేయండి.

ఇప్పుడు అసలు కష్టం, మే నెల, ఏసీ లేని ఇల్లు. 'చల్లటి వైపు చీమకుర్తి గ్రానైట్ పలక ఫ్రిజ్‌లో పెట్టి వేస్తే చాలు' అనే సలహా చాలామంది ఇస్తారు. లెక్క వేస్తే దాని పస తెలిసిపోతుంది. అడుగు చదరం గ్రానైట్ ముక్క 5 కిలోలు తూగుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చేలోపు అది పీల్చుకునే వేడి, ఒక లీటరు ఐసు సీసా కరిగేటప్పుడు పీల్చుకునేదాంట్లో సగం కూడా కాదు. రాయి కాదు, ఐసే పని చేస్తుంది. ఒక లీటరు ఐసు నీళ్లయ్యేలోపు దాదాపు 93 వాట్ అవర్ల వేడి లాగేస్తుంది. ఈ సైజు ఫోమ్ బోర్డు పెట్టెని గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు తగ్గించి ఉంచాలంటే అది రెండు మూడు గంటలకి సరిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా మూడు సీసాలు, మూడు విడతలు. సీసాని తువ్వాలులో చుట్టి, చల్లటి వైపు మూలలో, పాము నేరుగా ఆనకుండా జాలీ అడ్డం పెట్టి ఉంచండి. కారే నీళ్లకి కింద ఒక పళ్లెం. ఇది ఏటా రెండు నెలల చాకిరీ, చేయలేమనుకుంటే ఇప్పుడే మానుకోవడం పాముకి మేలు.

పడమటి గాలి రోజుల్లో ఇంకో సాధనం ఉంది. మే, జూన్‌లో నెల్లూరుకి వీచే ఆ గాలి ఎంత మండిస్తుందో అంత పొడిగా కూడా ఉంటుంది. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుతూ ఫ్యాను వేస్తే గది ఆరేడు డిగ్రీలు కూడా దిగొచ్చు. ఎయిర్ కూలర్ చేసేదీ అదే పని. సాయంత్రం సముద్రపు గాలి మళ్లగానే గాల్లో తేమ పెరిగి ఈ ఉపాయం రెండు డిగ్రీలకి పడిపోతుంది. అప్పుడు కూలర్ ఆపేయండి, లేకపోతే ఉక్క తప్ప మిగిలేదేం ఉండదు.

వేడి ఎక్కువైందని పామే చెప్తుంది. రోజంతా నీళ్ల గిన్నెలో మునిగి ఉండటం, పగటిపూట ఆపకుండా తిరగడం, నోరు కొంచెం తెరిచి ఊపిరి తీయడం చూస్తే వెంటనే థర్మామీటర్ చూడండి. తల వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తున్నట్టు ఉంటే ఆలస్యమైనట్టు లెక్క. చల్లటి గదిలోకి మార్చి, 26, 27 డిగ్రీల నీళ్లు అర అంగుళం లోతు పోసిన టబ్‌లో ఉంచి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఐసు నీళ్లలో ముంచొద్దు.

కరెంటు పోతే ఎలా అని అందరూ తుపాను రోజుల గురించే అడుగుతారు. నవంబరు తుపానులో రెండు రోజులు కరెంటు లేకపోయినా నెల్లూరు గది 23కి అటూ ఇటూ ఉంటుంది. దుప్పటి కప్పి, ఆ రోజుల్లో తిండి పెట్టకుండా ఉంటే చాలు. తిన్న పాముకి వేడి అందకపోతే కడుపులో అరగక కక్కేస్తుంది, ఖాళీ కడుపుకి ఆ బాధ లేదు. ఇన్వర్టర్ మీద హీటర్ నడపాల్సిన పని లేదు. ప్రమాదమంతా మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగిపోయినప్పుడే. ఫ్రీజర్లో నాలుగు సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి.

అడుగున పరవడానికి కొబ్బరి పీచు పొట్టు, నర్సరీల్లో కోకోపీట్ అంటారు. 4×2 అడుగుల అడుగుకి 3 అంగుళాల మందం వేస్తే సుమారు 56 లీటర్లు పడుతుంది. 5 కిలోల దిమ్మె ఒకటి నానబెడితే అంతకు కాస్త ఎక్కువే వస్తుంది. ఉప్పు నీళ్లలో ఊరిన పీచుతో చేసిన దిమ్మెల్లో ఉప్పు మిగిలిపోతుంది. కడిగిన రకం అడగండి, ఇంటికొచ్చాక మంచినీళ్లలో రెండుసార్లు పిండండి. సగం పొట్టు, సగం కొబ్బరి డొక్క ముక్కలు (కోకో చిప్స్) కలిపితే దుమ్ము లేవదు. ఊరికే వస్తుంది కదా అని రైస్ మిల్లు నుంచి వరి ఊక తెచ్చి పోయకండి. ముక్కులో, కంట్లో దూరుతుంది, తడిస్తే బూజు. వేరుశనగ తొక్కలదీ అదే బాపతు. జామాయిల్ రంపపు పొట్టులో ఆ ఘాటు నూనె ఉంటుంది, అదీ వద్దు.

తేమ మామూలుగా 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే వారంలో 70 పైన. నీళ్లు పైన స్ప్రే చేయకండి. అలా చేస్తే పై పొర తడి, కింద పొడి, పాము పొట్ట ఎప్పుడూ తడిలోనే. పది రోజులు అలా ఉంటే పొట్ట పొలుసులు ఎర్రబడి గోధుమరంగు మచ్చలు తేలతాయి. పొట్టులో నాలుగు మూలలా అర లీటరు చొప్పున అడుక్కి దిగేలా పోయండి. కింద తడి, పైన పొడి. వేళ్లతో తడిమితే పై అంగుళం పొడిగా తగలాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, ఒక్క చుక్క కూడా పోయక్కర్లేదు. బయటే 85, 90 ఉంటుంది. వెంట్లన్నీ తెరిచి, పొట్టు సగానికి తగ్గించి, బూజు కనిపిస్తే ఆ భాగం తీసేయండి. నోటి దగ్గర బుడగలు, ఊపిరిలో ఈల వంటి చప్పుడు ఈ కాలంలోనే మొదలవుతాయి. అది ఊపిరితిత్తుల జబ్బు, ఇంటి వైద్యం కుదరదు.

దాక్కునే చోట్లు రెండు కచ్చితంగా ఉండాలి, వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి, రెండూ ఒకేలాంటివి. ఒకటే పెడితే పాము చల్లదనం కావాలా దాపు కావాలా అని తేల్చుకోలేక భయంతో దాపులోనే ఉండి ఉడికిపోతుంది. బజార్లో ప్లాస్టిక్ గుహలకి వేలు పోయక్కర్లేదు. కుమ్మరి దగ్గర మట్టి మూకుడు బోర్లించి, అంచున 5 సెంటీమీటర్ల నోరు కొట్టి, గరుకు కాగితంతో రుద్దితే అంతకన్నా మంచిది లేదు. పిల్లకి కొబ్బరి చిప్ప కూడా సరిపోతుంది. లోపల చుట్టుకుంటే ఒళ్లు గోడలకి తగిలేంత ఇరుకుగా ఉండాలి. విశాలంగా ఉంటే అది దాపు కింద లెక్క కాదు. మూడోది మూతకి కన్నం ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల తడిపి పిండిన కొబ్బరి పొట్టు, కళ్లు పాలలా తెల్లబడగానే పెట్టాలి. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడిందంటే తేమ చాలలేదని. తోక చివర, కళ్ల మీద పొర మిగిలిందేమో చూడండి, కంటి పొరని గోటితో గీరొద్దు.

నీళ్లకి బరువైన గిన్నె. చిన్న రాచిప్ప అయితే పాము ఎంత తోసినా ఒరగదు. పులుసు కాచేది కాకుండా దీనికోసం వేరేది కొనండి, లేకపోతే ఇంట్లో పాము కన్నా ముందు మిమ్మల్ని బయటికి పంపుతారు. ఎక్కడానికి జామ కొమ్మ, వేప కొమ్మ. గట్టి బ్రష్‌తో కడిగి వారం ఎండబెట్టి, బయటి నుంచి స్క్రూ వేసి కదలకుండా బిగించండి. గన్నేరు, జిల్లేడు కొమ్మలు మాత్రం తేవద్దు.

చీమల సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. చచ్చిన ఎలుక ముక్క మిగిలినా, కుబుసం విడవలేక పాము మెత్తబడి ఉన్నా ఎర్రచీమలు బారులు తీరుతాయి. పెట్టెని అడుగు ఎత్తు ఇనుప స్టాండు మీద పెట్టి, నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టండి, పాతకాలంలో పాల బీరువాకి పెట్టినట్టు. నీళ్లు మూడు రోజులకోసారి మార్చాలి, లేకుంటే దోమలు. చీమల చాక్‌పీసు, చీమల పొడి పెట్టె దరిదాపులకి రాకూడదు. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల ద్రావణం ఆ గదిలో వద్దు, పాములకి అవి విషం. దోమలకి కిటికీ జాలీయే మార్గం. గది తుడవడానికి ఫినాయిల్ కూడా మానేయండి. పెట్టె శుభ్రం చేయాలంటే పాముని వేరే డబ్బాలో పెట్టి, ఒక వంతు మామూలు బ్లీచ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలాగి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, వాసన పోయేదాకా ఆరనివ్వాలి.

వెలుతురుకి ఒక చిన్న ఎల్ఈడీ పట్టీ, టైమర్ మీద 12 గంటలు. అంతే.

పెట్టె సిద్ధం కాగానే పాముని తేకండి. పది రోజులు ఖాళీ పెట్టెని నడపండి. వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి థర్మామీటర్లు పెట్టి, ఒక రోజు ఏసీ ఆపి చూడండి, ఒక రాత్రి కరెంటు తీసి చూడండి. రెండో కంట్రోలర్ నిజంగా కోస్తుందో లేదో మొదటిదాన్ని 40కి పెంచి పరీక్షించండి. తప్పులన్నీ ఈ పది రోజుల్లో బయటపడాలి.

పాము వచ్చాక మొదటి వారం ముట్టుకోవద్దు, ఫొటోల కోసం తీయొద్దు. ఎనిమిదో రోజు మొదటి తిండి. ఒంటి బరువులో పదో వంతు ఉండే చచ్చిన చిట్టెలుక, అంటే 100 గ్రాముల పిల్లకి 10 గ్రాములది. ఫ్రిజ్‌లో కరిగించి, 40 డిగ్రీల నీళ్లలో కవరుతో సహా ఉంచి వెచ్చబెట్టి, పొడవాటి పట్టకారుతో రాత్రిపూట ఇవ్వండి. బతికున్న ఎలుకని వేస్తే అదే పాముని కొరుకుతుంది. తిన్నాక 48 గంటలు చెయ్యి పెట్టొద్దు. వారానికోసారి కిచెన్ తూకంలో బరువు రాయండి. బాల్ పైథాన్ తిండి మానడం కొత్త కాదు, కానీ పిల్ల బరువు పదో వంతు తగ్గితే ఆగకూడదు. పాముల్ని చూసే డాక్టర్ ఎవరో, ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కోండి. మీకు తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ దగ్గర, లేదంటే చెన్నై.

ఎలుకల్ని ఇంట్లోనే పెంచితే చవక అనుకుంటారేమో. పెరట్లో ఎలుకల వాసన ఉన్న ఇంటికి నాగుపాము, జెర్రిపోతు వాటంతటవే వస్తాయి. ఫ్రీజర్లో నెలకి సరిపడా పెట్టుకోండి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే చిన్న ఫ్రీజర్ వేరేది.

ఇంకొకటి, ఇది ప్రాణం సంగతి. బాల్ పైథాన్ ఒంటి మీద మచ్చలు, పొట్టి లావు ఒళ్లు చూసి వీధిలోవాళ్లు దాన్ని రక్తపింజరి అనుకుంటారు. తప్పించుకుని బయటికి పోతే కర్రలకి ఎక్కువసేపు పట్టదు. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ఘోరం: రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకుని కాటు తిన్నవాళ్లు మన దేశంలో చాలామంది. పెట్టె ఖాళీగా కనిపించిన రాత్రి వరండాలో, మెట్ల కింద మచ్చల పాము కనిపిస్తే అది మీదే అనుకుని చెయ్యి చాపకండి. ముందు లైట్లన్నీ వేసి, దూరం నుంచి ఫోన్లో ఫొటో తీసి, మీ పాము పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. రక్తపింజరి వీపు మీద గొలుసులా మూడు వరుసల గుండ్రటి మచ్చలు, పొలుసులు గరుకుగా, తల ముక్కోణంలా ఉంటాయి. మీ బాల్ పైథాన్ పొలుసులు నున్నగా మెరుస్తాయి, పై పెదవి అంచున వేడిని పసిగట్టే గుంటలు వరుసగా ఉంటాయి. గుంటలు కనపడేంత దగ్గరికి వెళ్లాల్సిన పరిస్థితి వస్తే మాత్రం వెళ్లకండి. ఆ గది తలుపు మూసి, తలుపు కింద సందులో తడి గోనెపట్టా దోపి, పాములు పట్టేవాళ్లని పిలవండి. మీ పాము ఒంటికున్న మచ్చల ఫొటోలు, వీపూ పొట్టా పక్కలూ, ఇంటికి తెచ్చిన మొదటి వారం అద్దంలోంచే తీసి పెట్టుకోండి. పరివేష్ నమోదు కోసం కూడా దగ్గరుంచుకోవడం మంచిది.